స్క్రీన్‌షాట్లు ఎత్తుకెళ్లిందెవరు

పూర్వం ఒక రాజ్యంలో రాజులూ ఉండేవారు, కంప్యూటర్లూ ఉండేవి. ఎలాగని అడగకండి, కథ చిన్నది.

ఒకరోజు దివాను రాఘోజీ, తన గది ఊడ్చే బసవక్కను రాజు ముందుకు ఈడ్చుకొచ్చాడు. "నా స్క్రీన్‌షాట్లన్నీ ఇదే మాయం చేసింది ప్రభూ. డెస్క్‌టాప్ మీద ఒక్కటీ లేదు."

బసవక్కకు తలా తోకా అర్థం కాలేదు. కంప్యూటర్లో బొమ్మల్ని చీపురుతో ఎలా ఊడుస్తారు? ఆ అయోమయంలోనే ఒకటి తట్టింది. ఆవు తప్పిపోతే, దూడను వదిలి దాని వెంట నడుస్తారు కదా.

"ఇంకొకటి తీయండి దొరా, అదెటు పోతుందో చూద్దాం."

దివాను తన కంప్యూటరు అక్కడికే తెప్పించి ఇంకొకటి తీశాడు. తెర మూలన ఏదో మెరిసింది. దాన్ని నొక్కితే 'పాత చెత్త' అనే ఫోల్డరు తెరుచుకుంది. బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి.

"సెట్టింగులు మార్చి ఇక్కడ చేరేలా చేసినవాళ్లకి దేశబహిష్కారం," అన్నాడు రాజు.

"ఇదే మార్చింది," అన్నాడు దివాను.

"మీ పాస్‌వర్డు ఎవరైనా ఇట్టే కనుక్కునేదేమో దొరా," అంది బసవక్క.

దివాను మీసం దువ్వాడు. "నాకు తప్ప ఆ దేవుడికి కూడా తెలియదు."

"అయితే దేవుడూ ఈ నేరం నుంచి బయటపడ్డాడు ప్రభూ," అంది బసవక్క. "ఇక మిగిలింది ఒక్కరే."