ఆకు ఎత్తకముందే చెప్పిన సుక్కి

ఏటి అవతల ఈతచెట్ల దిబ్బ మీద నాలుగు కాళ్లవాళ్ల బాలబడి ఒకటుంది. నక్క గురవయ్య దానికి పెద్ద. పిల్లలంటే ఆయనకు ప్రాణం. ఏ పిల్ల ఎంత బలిసిందో చూడకుండానే చెప్పగలడు.

మేక కాటమ్మ కూతురు సుక్కి ఆ బడిలోనే ఉంది. మూడు నెలలుగా అది ఎడమవైపున్న ప్రతి రాటకూ గుద్దుకుంటోంది.

"దూకుడు పిల్ల," అంది గేదె. ఆవిడ రోజూ దడి తొక్కుకుంటూ పోతుంది, అది వేరే సంగతి.

గురవయ్య సుక్కి ఎడమవైపు నుంచి ఒకసారి మెల్లగా నడిచి చూశాడు. సుక్కి తలెత్తలేదు. ఆయన మూతి తుడుచుకున్నాడు. కాటమ్మ అది చూసింది.

అందుకే పిల్లల కళ్లు పరీక్షించడానికి కొంగ డాక్టరమ్మ వచ్చిన రోజున కాటమ్మే ముందు నిలబడింది. పిల్ల తన చెవితో ఒక కన్ను మూసుకోవాలి. డాక్టరమ్మ దూరంగా టేకాకులు ఒక్కొక్కటే ఎత్తుతుంది. ఆకు మీది బొమ్మ పేరు చెప్పాలి.

సుక్కి కుడికన్ను మూసుకుంది. "చేప! గొడుగు! తాబేలు! గంట!"

"భలే చూపు!" అన్నారంతా.

కాటమ్మ తోక కూడా ఆడించలేదు. "గంట ఆకు ఇంకా ఎత్తనేలేదు."

"అయితే మరీ మంచి చూపన్నమాట," అంది గేదె.

"ఎవరు నేర్పారే?" అని కాటమ్మ కూతుర్ని అడిగింది.

"గురవయ్య మామ. రోజూ ఈ పేర్లే వరసగా పాట పాడిస్తాడు."

"పిల్లలు బెదరకూడదని నేర్పాను వదినా," అన్నాడు గురవయ్య. "ఆడపిల్ల కంటికి లోపముందని నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటుంది? పెద్దయితే అదే సర్దుకుంటుంది. మా వంశంలో ఎవరం కళ్లు చూపించుకున్నాం?"

"మీ వంశానికి మా పిల్లలు బాగానే కనపడతారు గురవయ్యా. మా పిల్లకి నువ్వు కనపడాలి. డాక్టరమ్మా, ఆకులు కలిపెయ్. మళ్లీ చూసేదాకా నేను కదలను."

కలిపారు. గంట చూపిస్తే సుక్కి చేప అంది. చేప చూపిస్తే గొడుగు అంది. తర్వాత, "అమ్మా, అంతా పొగలా ఉంది," అంది.

"ఎడమకన్ను పని మానేసింది," అంది డాక్టరమ్మ. "చిన్నప్పుడే దొరికింది కాబట్టి మళ్లీ నేర్పొచ్చు. కుడికంటికి రోజూ కాసేపు ఆకుకట్టు కట్టు. పనంతా ఎడమకంటి మీదే పడాలి."

"బాగున్న కంటికి కట్టేమిటి!" అని దిబ్బంతా నవ్వింది. అందరికంటే సంతోషించింది గురవయ్యే. కాటమ్మ ఆ నవ్వుల మధ్యే కట్టు కట్టింది.

సుక్కి ఇంకాస్త బలవాలని గురవయ్య ఆర్నెల్లు ఆగాడు. ఒకనాడు అది ఏటిగట్టున ఒంటరిగా కనపడింది. కుడికంటికి కట్టుంది. ఇంక దాక్కోవడం దేనికని ఆయన ఎడమవైపు నుంచి దర్జాగా నడిచాడు.

సుక్కి మేత ఆపకుండానే అంది: "మామా, మీ మీసానికి కోడి ఈక అంటుకుంది."

గురవయ్య కాలు గాల్లోనే ఆగింది. పొద వెనకున్న కాటమ్మ కొమ్ములు ఆగలేదు. ఆయన ఏట్లో పడ్డాడు. ఈత వచ్చు కాబట్టి ఎక్కడో తేలే ఉంటాడు, ఇటువైపు మాత్రం రాలేదు. బడికి ఇప్పుడు కాటమ్మే పెద్ద.

పిల్ల జవాబు చెప్పిందని మురిసిపోకండి, చూసి చెప్పిందో లేదో కనుక్కోండి.