పోలయ్య సహాయార్థం మహాసభ

కాలవ ఒడ్డున బియ్యం మిల్లు మూతపడి చాలాకాలమైంది. మనుషులు గేటుకి తాళం వేసి వెళ్లిపోయాక, గోడ కూలిన వైపు నుంచి జంతువులు ఒక్కొక్కటే లోపలికి చేరి ఎవరి మూల వాళ్లు ఆక్రమించుకుని కాపురాలు పెట్టేశాయి. ధాన్యం ఆరబోసే గచ్చు మీద సాయంత్రాలు చేరి, మనుషులకేమీ తీసిపోకుండా, అక్కడ లేనివాళ్ల గురించి మాట్లాడుకునేవి. ఆ మిల్లులో లోటు ఒక్కటే. అంతా గచ్చు కావడం వల్ల గడ్డిపోచ మొలవదు. మేత కావాలంటే కాలవ దాటి అవతలి పొలాలకు పోవాల్సిందే.

ఆ ఎండాకాలం బంగారమ్మ అనే గేదెకు పుట్టిన దూడ కాలవ బురదలో కూరుకుపోయింది. అందరూ గట్టు మీద నిలబడి అయ్యో అయ్యో అంటుంటే పోలయ్య అనే ముసలి ఎద్దు దిగి, దూడను కొమ్ములతో ఎత్తి గట్టెక్కించాడు. దూడ బతికింది. పోలయ్య ముందుకాలు మాత్రం మడతపడి, వాచి, నేల మీద ఆనించడానికి కూడా లేకుండా పోయింది. ఆ కాలు నయమయ్యేదాకా ఎవరో ఒకరు మేత తెచ్చి ముందు పడేస్తే బతుకుతాడు, లేకపోతే లేదు. విషయం ఇంతే.

చుక్కమ్మ అనే కోడి దానికి ఉపాయం కూడా చెప్పింది. "మేతకి పోయినోళ్లు వచ్చేటప్పుడు తలో కాస్త గడ్డి నోట కరుచుకు రండి. ఎలాగూ నోరు ఖాళీగానే గదా వస్తారు!"

కొన్నాళ్లు అలాగే జరిగింది. బంగారమ్మ తెచ్చేది, గంగులు అనే పొట్టేలు తెచ్చేవాడు. పోలయ్య తినేవాడు, కాలు నాకుకునేవాడు, వాపు కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఇలా జరిగిపోతే మనకు కథ లేకపోయేది. కానీ ఆ మిల్లులో జంబులింగం అనే నక్క కూడా ఉన్నాడు. ఇంజను గదిలో నివాసం. చేసే పని ఏమీ లేదు కాబట్టి ఊరందరి బాగూ ఆయనే చూసుకుంటాడు.

ఒక సాయంత్రం ఆయన బంగారమ్మకు ఎదురొచ్చాడు. "ఏంటక్కా, పోలన్నకి గడ్డి మోస్తున్నావంట? ఎవరికైనా తెలుసా?"

"తెలియడానికేముంది లింగం? తినేది పోలన్న. ఆయనకి తెలుసు."

"అదే నేననేది! ఇంత దొడ్డ మనసు పెట్టుకుని దొంగచాటుగా ఇస్తావేంటి? రేపు నీ కూతురు పెద్దదయ్యాక మా అమ్మ ఫలానా అని చెప్పుకోవాలా వద్దా? ఇట్టాంటిదానికి ఒక సభ పెట్టాలి. పందిరెయ్యాలి. ఇచ్చినోళ్ల పేరు పదిమందిలో చదవాలి. మెడలో దండ వెయ్యాలి."

బంగారమ్మ నెమరు ఆపేసింది. నోట్లో గడ్డి ఉన్న సంగతి కూడా మర్చిపోయింది.

పక్కనే వింటున్న గంగులు ముందుకొచ్చాడు. "ఎవరి పేరు ముందు చదువుతారు?"

"ఎక్కువ ఇచ్చినోళ్లది" అన్నాడు జంబులింగం.

గంగులు బంగారమ్మని చూశాడు, బంగారమ్మ గంగుల్ని చూసింది. అంతవరకూ వాళ్లిద్దరి మధ్యా ఏ తగవూ లేదు.

మర్నాటికల్లా కమిటీ వెలిసింది. అధ్యక్షుడు జంబులింగం. సభ్యులు కూడా ఆయనే. పేర్లు చదివే బాధ్యత గాడిద గంధర్వయ్యకు అప్పగించారు. గంధర్వయ్య నోరు తెరిస్తే కాలవ అవతల కొంగలు లేచిపోతాయి, ఇంక వేరే మైకెందుకు? ఇంతకాలానికి తన గొంతు విలువ తెలిసినవాడు దొరికాడని గంధర్వయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

తర్వాత జంబులింగం కోళ్ల గూటికి వెళ్లాడు. "మీ కోళ్ల తరఫున గుడ్లు రావాలమ్మా."

"పోలయ్య బాబాయ్ గుడ్లు తింటాడా ఏంటి?" అంది చుక్కమ్మ.

"తినడు. అందుకనే కమిటీ భద్రపరుస్తుంది."

"భద్రపరిచి?"

"అవసరానికి వాడుతుంది."

"ఎవరి అవసరానికి?"

జంబులింగం నొచ్చుకున్నాడు. "చూశారా అమ్మలూ, ఒక్కళ్లు ఇట్టా అనుమానపడితే మంచి పని చేసేవాడికి మనసొస్తుందా? పోనీలెండి. గేదెల పేర్లు చదువుతారు, పొట్టేళ్ల పేర్లు చదువుతారు. కోళ్ల పేర్లు లేకపోతే కొంపేం మునగదు."

ఆ మాటతో గూడంతా కొక్కొక్కోమంది. పెట్టలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గుడ్లు అప్పగించాయి. చుక్కమ్మ కూడా ఇచ్చింది. ఇవ్వకపోతే పిసినారి అంటారని ఇచ్చింది.

ఇంక మిగిలింది పోలయ్య. జంబులింగం అతని దగ్గరికొచ్చి, వాచిన కాలును అన్ని వైపుల నుంచీ చూసి, సంతృప్తిగా తలూపాడు.

"పోలన్నా, నీకోసం సభ పెడుతున్నాం. బ్రహ్మాండంగా ఉంటుంది."

"అంతా నీ చలవ లింగం. మేత మాత్రం నిన్నటి నుంచి ఎవరూ తేలేదయ్యా."

"తేరు. నేనే వద్దన్నా. తెచ్చేదంతా సభలోనే ఇవ్వాలి గదా. పైగా ఇప్పుడు మెక్కి నిగనిగలాడుతూ వేదికెక్కితే నిన్ను చూసి ఎవరికి జాలేస్తుంది? సభ దాకా కాస్త ఓపిక పట్టు. డొక్కలు కనపడాలి."

"అవి ఇప్పుడే కనపడుతున్నాయి గదా!"

"ఇంకాస్త."

పోలయ్య జీవితమంతా కాడి కింద గడిపినవాడు. ఓపిక పట్టమంటే పట్టడమే తెలుసు. ఖాళీ నేలను నాకుతూ పడుకున్నాడు. ఆకలేసినప్పుడల్లా, నాకోసం ఇంత శ్రమ పడుతున్నారు, నేను గొణగడం తప్పు కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. చుక్కమ్మ వచ్చి "బాబాయ్, నీకేమన్నా తెచ్చారా?" అని అడిగితే, "సభలో ఇస్తారంటమ్మా" అన్నాడు.

సభ రోజు వచ్చింది. అవతలి పొలాల్లో ఎవరెంత కోయగలరో అంత కోసి తెచ్చారు. అంత గడ్డి ఆ మిల్లు గోడల మధ్య ఏనాడూ చూడలేదు. జంబులింగం దాన్ని చక్కగా సర్దాడు. కొంత పందిరి మీద కప్పించాడు. కొంత తోరణాలు కట్టించాడు. మంచి పచ్చిక ఏరి దాతల మెడల్లోకి దండలు పేనించాడు. పెద్ద పెద్ద కట్టలు వేదిక మధ్యలో పేర్పించి, అధ్యక్షుడి ఆసనమని వాటిమీద తనే కూర్చున్నాడు. మొత్తం మీద గడ్డి లేని చోటు ఒక్కటే మిగిలింది. అది పోలయ్య నిలబడిన చోటు.

కుంటుకుంటూ వేదికెక్కేటప్పటికి పోలయ్యకు కళ్లు తిరిగాయి. ఎటు చూసినా మేతే. ముక్కు పక్కనే తోరణం ఊగుతోంది. నాలుక దానంతటదే బయటికొచ్చింది.

"ఏయ్, ఏంటది?" అన్నాడు జంబులింగం పళ్ల మధ్య నుంచి. "దాతలంతా చూస్తుంటే ఆబగా తింటే పరువేం కాను? తల దించుకుని నిలబడు. కాలు కాస్త ముందుకి పెట్టు, అందరికీ వాపు కనపడాలి."

పోలయ్య తల దించుకున్నాడు.

గంధర్వయ్య గొంతు సవరించుకున్నాడు. "గే...దెల కులతిలకం, కరుణామయి, కాలవగట్టు బంగారమ్మ గారి చదివింపులు, గడ్డి కట్టలూ...!" బంగారమ్మ మెడ వంచింది, దండ పడింది. ఆమె దూడను పోలయ్య బురదలోంచి ఎత్తిన ముక్క మాత్రం ఎవరూ చదవలేదు. తర్వాత గంగులు. "పొట్టేళ్లలో పులి, అడిగినవాడికి లేదనని గంగులు గారు!" మళ్లీ దండ. తర్వాత కోళ్లు. ఒక్కో కోడికి ఒక్కో దండ. ఆ దండలో కోడి ములిగిపోయి ముక్కు ఒక్కటే బయటికి కనిపించింది. ప్రతి పేరుకీ చప్పట్లు. ఎవరూ పోలయ్య వైపు చూడటం లేదు. తన పేరు వచ్చేదాకా అందరూ గంధర్వయ్య నోటివైపు చూశారు, వచ్చాక పక్కవాడి దండ ఎంత పొడుగుందో చూశారు.

అప్పుడు పోలయ్యకు కడుపు మండింది. ఆకలితో కాదు, కోపంతో. బతికినంతకాలంలో ఎవరిమీదా ఇంత కోపం రాలేదతనికి. నా కాలు పేరు చెప్పి వీళ్లు పెళ్లి చేసుకుంటున్నారు, అనుకున్నాడు.

ఆఖర్న జంబులింగం అన్నాడు, "ఇప్పుడు మన పోలయ్య కృతజ్ఞతగా రెండు ముక్కలు మాట్లాడతాడు. ఎక్కువొద్దన్నా, అలిసిపోతావ్."

పోలయ్య తలెత్తాడు. "అయ్యా, అమ్మా. మీ రుణం తీర్చుకోలేను. ఒక్కటే బాధ. ఎవరు పెద్ద దాతో నాకు తెలియడం లేదు. దండలు చూస్తే అందరివీ ఒకేలా ఉన్నాయి."

బంగారమ్మ గంగులు దండ వైపు చూసింది.

"మా అరక దున్నే వంశంలో ఒక పద్ధతుంది" అన్నాడు పోలయ్య. అది అబద్ధం. అతను పుట్టి బుద్ధెరిగాక ఆడిన మొదటి అబద్ధం. "ఇచ్చినోడు మామూలు దాత. మెడలో పడిన దండ కూడా తీసి ముందు పెట్టేసినోడు మహాదాత. మహాదాతల పేర్లు రెండోసారి చదువుతారు. ఇంకా గట్టిగా."

ఆ "ఇంకా గట్టిగా" వినగానే గంధర్వయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అదేం లేదు, సభ ముగిసింది..." అని జంబులింగం లేవబోయాడు. ఆ మాట ఎవరికీ వినపడలేదు. బంగారమ్మ అప్పటికే దండ తీసి పోలయ్య ముందు పడేసింది. "చదువు గంధర్వయ్యా!"

"మహాదాత బంగారమ్మ గారూ...!"

"నా దండ పెద్దది!" అంటూ గంగులు తన దండ విసిరాడు. కోళ్లన్నీ దండల్లోంచి బయటికి దూకాయి. "మహాదాత, మహాదాత" అని గంధర్వయ్య ఊపిరి తిప్పుకోకుండా అరుస్తున్నాడు. చుక్కమ్మ పోలయ్య మొహంలోకి చూసింది. ఆ ముసలి కళ్లల్లో ఏం కనిపించిందో ఏమో, "ఆ తోరణాలు కట్టింది మేమే. అవి కూడా ఇస్తున్నాం, చదవండి!" అని కేకేసింది.

తోరణాలు రాలాయి. కోళ్ల పేర్లు తన పేరుకంటే ఒకసారి ఎక్కువ చదివేసరికి బంగారమ్మకు రోషమొచ్చింది. కొమ్ములతో పందిరి కప్పు లాగేసింది. "మహామహాదాత బంగారమ్మ గారు!" నెత్తిమీద ఎండ పడినా ఎవరికీ పట్టలేదు. పోలయ్య మెల్లగా, మర్యాదగా నములుతున్నాడు. దాతలే పెడుతున్నారు కదా, ఇప్పుడు తింటే తప్పేముంది?

గంగులుకి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. చుట్టూ చూశాడు. వేదిక మధ్య కట్టలు కనిపించాయి, వాటి మీద అధ్యక్షుడు.

"ఆ ఆసనం కట్టలు నేను కోసినవే! అవి కూడా ఇచ్చేస్తున్నా!"

"ఒరేయ్ గంగులూ, ఆగు, ఇది కమిటీ..."

ఒకసారి తల దించాక ఆగిన పొట్టేలు లేదు. గంగులు నాలుగడుగులు వెనక్కేసి వచ్చి కుమ్మాడు. కట్టలు ఒకవైపు, జంబులింగం ఒకవైపు పడ్డారు. కట్టల మధ్య నుంచి గుడ్లు దొర్లుకుంటూ వచ్చి గచ్చు మీద టపటపా పగిలాయి. వాటి వెనకే ఎప్పుడో తినేసిన గుడ్ల పెంకులు కుప్పగా జారాయి. అధ్యక్షుడి మీసాలనిండా పచ్చసొన.

"భద్రపరిచాను" అన్నాడు జంబులింగం, లేవలేక.

"కనపడతానే ఉంది. సగం గడ్డిలో, సగం కడుపులో" అంది చుక్కమ్మ.

పెట్టలు ఒక్కుమ్మడిగా ఆయన మీదికి లేచాయి. సరిగ్గా అప్పుడే గంధర్వయ్య, తన పనిలో తాను మునిగినవాడు, ఆకాశం వైపు మొహమెత్తి ఎత్తుకున్నాడు: "తాను కూర్చున్న ఆసనాన్నే త్యాగం చేసిన మహాదాత, జంబులింగం గారూ...!"

అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు. పెట్టలు తలా నాలుగు పోట్లు పొడుస్తుంటే, జంబులింగం సొన కారుతున్న చేతులు జోడించి సభకు నమస్కారం పెట్టుకుంటూనే ఇంజను గదిలోకి పరుగెత్తాడు.

పోలయ్య కాలు నయమవుతోంది. ఇప్పుడు రోజూ సాయంత్రం గంధర్వయ్య అతని మూలకొచ్చి నిలబడి, "బాబాయ్, ఇవాళ ఎవరెవరు తెచ్చారు?" అని అడుగుతాడు. పోలయ్య చెబుతాడు. గంధర్వయ్య చదువుతాడు, కొంగలు లేచిపోతాయి, బంగారమ్మా గంగులూ ఛాతీ విరుచుకుని ఇంటికెళతారు.

"ఎందుకు బాబాయ్, వీళ్ల డాబు ఇంకా పెంచుతావు?" అంది చుక్కమ్మ ఒకరోజు.

"పేరు వాళ్లు తింటారు, గడ్డి నేను తింటాను" అన్నాడు పోలయ్య నములుతూ. "ఇంతవరకూ ఒకరి మేత ఒకరికి అడ్డం రాలేదమ్మా."

నీతి: సాయం చేసేవాడికి పేరు కావాలంటే ఎంత గట్టిగానైనా చదవండి; మేత మాత్రం ఆకలిగా ఉన్నవాడి నోటికి అందేచోటే దింపించండి.