నీటికాకి మెడతాడు

ఎప్పటి మాటో చెబుతున్నాను, వినండి పిల్లలూ. సముద్రం ఒడ్డున వేలాపురమని ఒక రాజ్యం, దానికొక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఒకనాడు పట్టు వర్తకుడొకడు వచ్చి, చీనా దేశంలో మూడు వంతెనల ఊరు ఉందనీ, అక్కడ వీధులకి బదులు కాలవలు, బళ్లకి బదులు పడవలు ఉంటాయనీ, సందెవేళ ఎర్ర లాంతర్లు వెలిగిస్తే నీళ్లలో కుంకుమ ఒలికినట్టుంటుందనీ చెప్పాడు. చూసొస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. అన్నని వెతికి తెస్తానని రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు.

ఇక మిగిలింది సుధన్వుడు.

"నువ్వొద్దు నాయనా. దారిలో మబ్బుల్ని చూస్తూ నిలబడిపోతావు," అన్నాడు రాజు.

"నిలబడను నాన్నగారూ. అన్నయ్యల్ని తెస్తాను."

సముద్రం తర్వాత సముద్రం, సముద్రం తర్వాత సముద్రం, అలా ఏడు సముద్రాలూ దాటి ఆ ఊరి కాలవ మొదటికి చేరాడు. అక్కడ సూయిన్ అనే అమ్మాయి పడవ నడుపుతోంది. సుధన్వుడు అందులో ఎక్కాడు. పడవ అంచున ఒక నీటికాకి, పట్టిన చేప మింగకుండా దాని మెడకి బిగించి కట్టిన నల్లతాడు.

"మా ఊళ్లో పెళ్లికూతుళ్లు పుట్టింటి వైపు తల తిప్పకుండా మూడు వంతెనలూ దాటి అత్తారింటికి వెళతారు," అని చెప్పింది సూయిన్. "ఫాంగ్ అనే మాంత్రికుడు ఆ ఆచారాన్నే ఉచ్చు చేసుకున్నాడు. తల తిప్పకుండా మూడూ దాటినవాడు ఏం అడిగితే అది ఫాంగ్ ఇవ్వాలి. తిప్పినవాడు వంతెన మీద రాతి సింహమైపోతాడు. నీలాంటి ముఖాలతో రెండు సింహాలున్నాయి, రాజకుమారా."

అప్పుడు నీటికాకి మాట్లాడింది.

"బాబూ, నడుముకి కత్తి ఉంది కదా. నా మెడతాడు కాస్త కోసిపెట్టు. ఈ ఊరివాళ్ల కత్తులకి ఇది తెగదు. పట్టిన చేపలన్నీ ఆ ఫాంగ్‌కే పోతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి నేను మింగాలని ఉంది."

అప్పుడే మొదటి వంతెన కనిపించింది. పైన సగం చందమామ, కింద నీళ్లలో సగం చందమామ. సుధన్వుడు కళ్లు తిప్పుకోలేకపోయాడు.

"ఈ వంతెన దాటాక కోస్తాలే," అన్నాడు.

పడవ దిగి వంతెన సగం దాటేసరికి వెనకనుంచి తండ్రి గొంతు. "నాయనా, ఒక్కసారి ఇటు చూడు."

"మీ నాన్న ఏడు సముద్రాల అవతల ఉన్నాడు. నడు," అంది నీళ్లలో ఈదుతున్న నీటికాకి. అలా చెప్పినందుకు తాడు ఒక చుట్టు బిగిసింది. అది సుధన్వుడు చూడలేదు.

రెండో వంతెన దగ్గర మళ్లీ అడిగింది. గట్టు మీద రంగులద్దిన పట్టు బట్టలు గాలికి ఊగుతున్నాయి, వాటి నీడలో సూయిన్ నవ్వుతోంది.

"ఇది కూడా దాటాక," అన్నాడు.

"తమ్ముడూ," అని పెద్దన్న గొంతు వెనకనుంచి పిలిచింది.

"రాయి మాట్లాడదు. నడు," అంది నీటికాకి. తాడు మరో చుట్టు బిగిసింది.

మూడో వంతెన దగ్గర దాని గొంతు పీలగా వచ్చింది. "బాబూ, తాడు."

"ఇంకొక్కటే కదా. అన్నయ్యలు రానీ," అన్నాడు.

నడివంతెనకి చేరేసరికి వెనకనుంచి సూయిన్ గొంతుతో కేక. "రాజకుమారా, పడవ మునిగిపోతోంది." సుధన్వుడి మెడ సగం తిరిగింది. నీటికాకికి మాట రాలేదు. ఎగిరొచ్చి చల్లని చేపపిల్లని అతని ముఖాన విసిరి కాళ్ల దగ్గర పడింది. ఉలిక్కిపడి, దాన్ని గుండెకి హత్తుకుని ముందుకి పరిగెత్తాడు.

వంతెన దిగువన ఫాంగ్ తేనీరు తాగుతున్నాడు. అన్నయ్యల్ని ఇమ్మని అడిగాడు సుధన్వుడు.

"మీ అన్నల్ని ఇస్తాను. ఇస్తానన్నాను కానీ నిన్ను పోనిస్తానన్నానా? వాళ్ల చోట నువ్వుంటావు," అన్నాడు ఫాంగ్.

సుధన్వుడి పాదాలు అప్పటికే బరువెక్కుతున్నాయి. చేతుల్లో నీటికాకి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. రాయైపోయేలోగా దీనికిచ్చిన మాటైనా నిలబెట్టుకుందామని కత్తి తీసి తాడు కోశాడు.

ఫాంగ్ చేతిలో గిన్నె జారింది. అతని ప్రాణం ఆ తాడు ముడిలోనే ఉంది, పిల్లలూ. మాంత్రికుడు ఎండుటాకుల పొడిగా రాలిపోయాడు. సింహాలు రెండూ అన్నలై, కళ్లు నులుముకుంటూ పరిగెత్తుకొచ్చాయి.

సుధన్వుడు వాళ్లని చూడలేదు. వంతెన మీద పడిన చేపపిల్లని తెచ్చి నీటికాకి నోటికందించాడు. అది ముక్కుతో అందుకుంది. మెడ పైకెత్తింది. నలిగిపోయిన గొంతులోకి చేప దిగలేదు. ఇంకోసారి ప్రయత్నించి, అతని ఒళ్లో తల వాల్చేసింది.

"ముడి సంగతి దానికి తెలుసా?" అని పడవ దిగి వచ్చిన సూయిన్‌ని అడిగాడు.

"తెలుసు. ఎవరు బయటపెట్టినా ఆ క్షణమే తాడు దాని ప్రాణం తీసేది. అందుకే కోయమని మాత్రం అడిగేది," అంది సూయిన్. "పడవలో అడిగినప్పుడే గనక నువ్వు..."

తర్వాత సూయిన్‌కీ సుధన్వుడికీ పెళ్లి జరిగింది. సూయిన్ తల తిప్పకుండా మూడు వంతెనలూ దాటింది. పక్కన నడుస్తున్న సుధన్వుడు మాత్రం మూడోదాని మీద ఆగి, నీళ్ల వైపు తిరిగి చూశాడు. ఇప్పుడు ఎవరూ పిలవలేదు.

అన్నలు చెరో సీమని ఏలారు, సుధన్వుడు వేలాపురాన్ని చాలాకాలం చల్లగా ఏలాడు. ఎవరేం అడిగినా అన్నం ముందునుంచైనా లేచి వెళ్లేవాడు. "తిని వెళ్లొచ్చుగా," అనేది సూయిన్. "వచ్చాక తింటాను," అనేవాడు.

రోజూ సముద్రపు ఒడ్డుకి వెళ్లి నీటికాకులకి చేపలు వేసేవాడు. చేప గొంతు దాటి కిందకి దిగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, అప్పుడు లేచి ఇంటికొచ్చేవాడు.