కట్టు కట్టిన మెట్టు

దగ్గరికి జరగండి పిల్లలూ. పలకలు గోడవారగా పెట్టి కాళ్ళు ముడుచుకుంటే చాప అందరికీ సరిపోతుంది. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడనక్కరలేదు, అరుగు మీద కూర్చోవచ్చు. ఈ కథలో సగం వాళ్ళదే.

నాగావళి ఒడ్డున గవరయ్య గారని ఒక గురువు ఉండేవారు. ఆయనకు మఠం లేదు, కాషాయం లేదు. ఒక పెంకుటిల్లు, దానికో వసారా, వసారాలో ఒక మూల. ఆ మూలే ఆయన పాఠశాల. ఆ ఇంట్లో పారేసే వస్తువంటూ ఉండేది కాదు. చిరిగిన గొడుగు ఊచలు కొక్కేలయ్యేవి. కొబ్బరి చిప్పకు వెదురు పుల్ల దూర్చితే గరిటె. చేట అంచు ఊడితే పాత చీర అంచు వేసి కుట్టేవారు. వంగిన మేకుల్ని రాతి మీద సుత్తితో సాపు చేసి డబ్బాలో దాచేవారు. ఎవరైనా ప్రశ్న మోసుకొస్తే ఆయన జవాబు చెప్పేవారు కాదు. ఆ మూలలోంచి విరిగినదేదో తీసి చేతికిచ్చి, ముందు దీని సంగతి చూడమనేవారు. వచ్చినవాళ్ళలో సగం మంది అడగాల్సింది మరిచిపోయి, బాగుపడిన చేట చంకన పెట్టుకుని సంతోషంగా వెళ్ళిపోతారని ఆయన అప్ప సన్యాసమ్మ ఎగతాళి చేసేది. అప్ప అంటే అక్కే. ఆ ఇంటి వంటా పెత్తనమూ ఆవిడవే. గురువుగారిని ఊరంతా గారు అంటే ఆవిడొక్కతే ఒరే అనేది.

ఆయన శిష్యుల్లో కూర్మయ్య అనే రైతు ఉండేవాడు. అతనిది ఏటికి అవతలి ఊరు. చేతిలో పనితనం ఉంది, మనసులో మంచితనం ఉంది. ఆ రెండిటి మధ్యా ఉండకూడనంత కోపం ఉండేది. ఒకనాటి సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి అన్నం ఉడకలేదని చేతిలో ఉన్న ఇత్తడి చెంబు విసిరేశాడు. అది గుమ్మం పక్కన నిలబడ్డ కూతురు పైడమ్మ తలకు జానెడు దూరంలో ద్వారబంధానికి తగిలింది. పిల్లకు ఏమీ కాలేదు. ఏడవను కూడా లేదు. చెంబు సొట్టపోయింది, ద్వారబంధం మీద గాటు పడింది. తెల్లారేసరికి కూర్మయ్య ఏరు దాటి వచ్చి గవరయ్య గారి కాళ్ళ మీద పడ్డాడు.

ఆనాటి నుంచి అతను గొంతు పెంచలేదు. ఎద్దు మొండికేసినా, వాన ఎగ్గొట్టినా, బావమరిది వెటకారమాడినా పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు. అలా రెండు పంటలు ఇంటికొచ్చాయి. తరవాత ఒక వేసవి చివర, బట్టలు మూట కట్టుకుని గురువుగారి వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. ఇక ఇంటికి వెళ్ళనని, ఇక్కడే నీళ్ళు మోసుకుంటూ ఉండిపోతానని అన్నాడు. ఎందుకని గురువుగారు అడగలేదు. అతనే చెప్పాడు.

"నేను మారాను గురువుగారూ. మీకు తెలుసు, ఎద్దులకు కూడా తెలుసు. ఇంట్లోవాళ్ళకే తెలీదు. నీళ్ళు తాగడానికి చెంబెత్తినా నా కూతురు తలుపు చాటుకు జరుగుతుంది. మనిషి బాగుపడ్డాక కూడా అయినవాళ్ళు నమ్మకపోతే, ఆ బాగుపడ్డం ఎందుకు?"

గవరయ్య గారు వసారా చూరు కింద ఉన్న వెదురు నిచ్చెన చూపించారు. దాని మెట్లలో ఒకటి పగిలింది. వానలు పడేలోగా ఇంటి మీద పెంకులు సర్దుకోవాలి, ముందు దీని సంగతి చూడు అన్నారు.

కూర్మయ్య పగలంతా ఆ మెట్టు ముందు కూర్చున్నాడు. పగుల్లో తుమ్మ జిగురు పోశాడు. రంపపు పొట్టు కూరి, ఆరాక ఇసకతో రుద్ది నున్నగా చేశాడు. అయినా ఆ చోటు కాస్త తెల్లగా కనిపిస్తోంది. అతనికది నచ్చలేదు. ఆముదంలో మసి కలిపి ఆ మెట్టుకు పూశాడు. అప్పుడది మిగతావాటికంటే నల్లగా ఉంది. దాంతో మెట్లన్నిటికీ మసి పూశాడు. పని పూర్తయ్యేసరికి నిచ్చెన అత్తారింటికి బయల్దేరిన పెళ్ళికూతురిలా నిగనిగలాడింది.

గురువుగారు వచ్చి, బాగు చేసింది ఏ మెట్టని అడిగారు. కనుక్కోండి చూద్దాం అన్నాడు కూర్మయ్య, మూట విప్పాక మొదటిసారి నవ్వుతూ. ఆయన ఒక్కో మెట్టూ తడిమారు. దొరకలేదని ఒప్పుకున్నారు. జిగురు గట్టిపడేదాకా నేల మీదే ఉంచు, ఎవర్నీ ఎక్కనివ్వకు అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళారు. గురువుకే దొరకనంత బాగా అతికించానని కూర్మయ్య ఆ పూట తృప్తిగా తిన్నాడు.

మర్నాడు పొద్దున్న అతను ఏటికి స్నానానికి వెళ్ళాడు. ఇంటి మీదకు పాకిన ఆనపపాదుకు, అదే సొరపాదుకు, కాయలు దిగాయి. సన్యాసమ్మ వాటి మీద రెండు రోజులుగా కన్నేసి ఉంచింది. పెరట్లో పడుకోబెట్టిన నిచ్చెన చూసింది. శుభ్రంగా ఉంది, విరిగిన మెట్టేదీ లేదు. గోడకు ఆనించి పైకెక్కింది.

కూర్మయ్య తడిబట్టతో పెరట్లోకి వచ్చేసరికి ఆవిడ ఇంటి చూరు మీద కూర్చుని ఉంది. కొంగులో రెండు ఆనపకాయలు. ఒక కాలు నిచ్చెన మీద పెట్టడానికి కిందికి చాపుతోంది. నిచ్చెన పాదం పక్కనే రుబ్బురోలు. అతని గొంతులోంచి పాత అరుపు తన్నుకొచ్చింది. అరిస్తే ఆవిడ ఉలిక్కిపడుతుంది. అరుపును మింగేశాడు.

"అప్పా, కాలు వెనక్కి తీసుకో. అక్కడే కూకో."

"ఏటైందిరా?"

"ఆ మెట్లలో ఒకటి పగిలింది. నేనే కప్పెట్టాను."

"ఏ మెట్టు?"

కూర్మయ్య నిచ్చెన వైపు చూశాడు. కింది నుంచి పైదాకా ఒకటే నలుపు. పైగా ఆవిడ దాన్ని తిన్నగా నిలబెట్టిందో తలకిందులుగా నిలబెట్టిందో కూడా అతను చెప్పలేడు.

"తెలీదప్పా," అన్నాడు.

"బాగుంది. కప్పెట్టినోడివీ నువ్వే, తెలీనోడివీ నువ్వేనా," అని ఆవిడ చాపిన కాలు ముడుచుకుని, ఆనపకాయలు ఒళ్ళో సర్దుకుని, చూరు మీదే బాసింపట్టు వేసుకుంది. "ఎక్కేటప్పుడు ఏ దేవుడు మోశాడో. ఒరే గవరయ్యా, నీ శిష్యుడి పనితనం వచ్చి చూసిపో."

గురువుగారు వచ్చారు. నిచ్చెన పాదాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. కూర్మయ్య ఎక్కసాగాడు. నిలువు బొంగుల పక్కకి, మెట్టు కొసల మీద మాత్రమే పాదాలు పెడుతూ, ఎక్కబోయే ప్రతి మెట్టునూ ముందు అరచేత్తో బలంగా నొక్కుతూ పోయాడు. ఒకటి ఆగింది. ఇంకొకటి ఆగింది. నడిమికి వచ్చాక ఒక మెట్టు అతని చేతి కింద పటుక్కున నోరు తెరిచింది. మసి కింది నుంచి తెల్లటి పొట్టు రాలి రుబ్బురోట్లో పడింది.

"దొరికింది," అన్నాడు కూర్మయ్య. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతు, తప్పిపోయిన పిల్లవాడు దొరికాడని చెప్పే తండ్రి గొంతులా ఉందట.

తరవాత కష్టం లేకపోయింది. అతను విరిగిన మెట్టుకు కింద నిలబడ్డాడు. ఆవిడ పై మెట్లు దిగింది, విరిగిన మెట్టు దగ్గరకొచ్చి అతని భుజం మీద కాలు పెట్టింది. గురువుకు అప్పనిరా, నా కాలు తగిలితే పుణ్యమే గాని పాపం లేదు అని సముదాయిస్తూ నేలకు దిగింది. దిగి రుబ్బురోలు మీద కూలబడి, కొంగులో కాయలు రెండూ నలగలేదని చూసుకుని, అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కూర్మయ్య కూడా నేల మీద చతికిలబడి, తడిబట్టతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు. అతను తుడుచుకున్నది ఒక్క చెమటే కాదు. గవరయ్య గారు అప్పుడు గాని నిచ్చెన పాదం వదల్లేదు. నిచ్చెన విరిగితే విరిగింది, కూర ఆగదు కదా అని సన్యాసమ్మ కత్తిపీట దగ్గరికి లేచి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం కూర్మయ్య ఆ మెట్టును మళ్ళీ బాగు చేశాడు. ఈసారి దాని కింద ఇంకో బొంగు ముక్క ఆనించి, రెండు కొసలూ నిలువు బొంగులకు తాడుతో బిగించాడు. పాత సైకిలు ట్యూబు సన్నని పట్టీలుగా కోసి, పట్టి సాగదీస్తూ మెట్టు పొడుగునా చుట్టాడు. విరిగిన ముంజేతికి కట్టు కట్టినట్టు వీధిలోంచే కనిపిస్తోంది. అలవాటుగా మసి గిన్నె వైపు చెయ్యి పోయింది. గురువుగారు ఆ గిన్నె తీసి అవతల పెట్టారు.

పెంకులు సర్దడం మొదలైంది. కూర్మయ్య కింది నుంచి పెంకులందిస్తూ ఒక సంగతి గమనించాడు. ఎక్కే ప్రతివాళ్ళూ మిగతా మెట్ల మీద చకచకా పోతున్నారు, ఆ మెట్టు దగ్గర మాత్రం ఆగుతున్నారు. కాలి బొటనవేలితో నొక్కి చూసి, అప్పుడు బరువు వేస్తున్నారు. పెంకులు సర్దేవాళ్ళు నొక్కితే అతను ఊరుకున్నాడు. మూడోసారి ఆనపకాయ కోసం ఎక్కుతూ సన్యాసమ్మ కూడా నొక్కేసరికి పౌరుషం ఆగలేదు.

"అప్పా, నేను ఊగి చూశాను, ఇద్దరు మనుషుల్ని ఎక్కించి చూశాను. నా కట్టు మీద నీకింకా నమ్మకం కుదరలేదా?"

ఆవిడ ఆ మెట్టు మీదే, రెండు కాళ్ళూ దాని మీదే పెట్టి నిలబడి వెనక్కి తిరిగింది.

"ఎక్కే ఉద్దేశం లేకపోతే నొక్కడం దేనికిరా?"

అని పైకి వెళ్ళిపోయింది. కూర్మయ్య చేతిలో పెంకు చేతిలోనే ఉండిపోయింది. వసారాలో గొడుగు ఊచ వంచుతున్న గవరయ్య గారు తలెత్తకుండానే, వచ్చిన రోజు నువ్వు నన్నడిగావు, మా అప్ప చెప్పింది, ఎవరు చెబితేనేం అన్నారు.

కూర్మయ్య ఆఖరి పెంకు అందించాడు. చేతులు కడుక్కున్నాడు. మూట భుజాన వేసుకుని, ఏరు పొంగకముందే దాటాలని బయల్దేరాడు. ఎవరూ ఆపలేదు. సన్యాసమ్మ మాత్రం దారిలోకి ఎదురెళ్ళి మూటలో ఒక ఆనపకాయ కుక్కింది.

వానలు వెళ్ళాక, ఏరు తగ్గాక, అతను భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దవాళ్ళు వసారాలో మాట్లాడుకుంటున్నారు. పైడమ్మ కళ్ళు ఇంటి మీది పాదు మీద ఉన్నాయి. కోసుకుంటావా అని సన్యాసమ్మ అడిగింది. పిల్ల తల ఊపింది. కూర్మయ్య లేచి వెళ్ళి నిచ్చెన పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. పైడమ్మ దూరంగా నిలబడి కాసేపు అతని చేతుల వంక చూసింది. తరవాత వచ్చి ఎక్కడం మొదలుపెట్టింది. కట్టు కట్టిన మెట్టు దగ్గర ఆగింది. బొటనవేలితో నొక్కింది. ఇంకోసారి నొక్కింది. కింద ఉన్న తండ్రి మొహం చూసింది. కూర్మయ్య భయం లేదని గానీ, ఎక్కమని గానీ అనలేదు. పట్టుకున్న పట్టు మాత్రం వదల్లేదు. పిల్ల ఎక్కింది.

చూరు దగ్గర ఒక లేత కాయ తెంపింది. దాన్ని పట్టుకుని దిగడం కుదరదని ఆమెకు తోచింది. ఒక్క క్షణం ఆలోచించి, "నాన్నా, పట్టుకో," అని విసిరింది.

గవరయ్య గారు అప్పటికే రెండో పక్క వచ్చి నిచ్చెన పట్టుకున్నారు. కూర్మయ్య రెండు చేతులూ చాపి ఆనపకాయను గుండెల మీద పట్టుకున్నాడు. దాన్ని చాలాసేపు కింద పెట్టలేదు.

ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళాక, మంచి బొంగులొచ్చాయిరా, ఆ కట్టు మెట్టు తీసేసి కొత్తది వేయించరాదా అంది సన్యాసమ్మ. గురువుగారు వంగిన మేకు ఒకటి రాతి మీద పెట్టి, సుత్తి అందుకున్నారు.

"ఉండనీ అప్పా. మిగతా మెట్ల సంగతి మనకేం తెలుసు? దాని సంగతి తెలుసు."

ఇక లేవండి పిల్లలూ. పలకలు మరిచిపోకండి, చాప చుట్టి మూల పెట్టండి. ఇళ్ళల్లో అన్నాలు వార్చేసి ఉంటారు. వెళ్ళి వేడిగా తినండి. అరుగు మీది పెద్దలు కూడా.