గవిరి నడుం మీద ముగ్గుగీత

"మా ఇంట్లో మూడు బుర్రలున్నాయి, ఒక్కటీ ఖాళీ లేదు" అని పైడితల్లి కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకునేది. తనదొకటి, మొగుడు సన్నాసిదొకటి, మరిది అప్పలకొండదొకటి. లెక్క వరకూ సరిగ్గానే ఉంది.

అంత తెలివైన ఇంట్లో గేదె గవిరి జబ్బు చేసి చతికిలబడింది. పెయ్యగా ఉన్నప్పటినుంచి చంటిబిడ్డలా సాకిన గేదె అది. రెండు రోజులుగా గడ్డి ముట్టలేదు. పైడితల్లికీ ముద్ద దిగలేదు. సన్నాసి పశువుల డాక్టరు దగ్గర్నించి మందుసీసా తెచ్చాడు. అప్పలకొండ అమ్మవారి గుడి నుంచి తాయెత్తు తెచ్చాడు. అంతే, గేదె సంగతి గాలికొదిలేసి అన్నదమ్ములిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

పైడితల్లి గుండెలు బాదుకుంటూ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"బాబూ, మందు పొయ్యాలా, తాయెత్తు కట్టాలా? ఏదో ఒకటి సెప్పు, నా గవిరి సచ్చిపోతాది!"

డాక్టరు నవ్వాడు. "రెండూ కానీయమ్మా. దేవుడి పని దేవుడిది, నా పని నాది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా ఉంటే చాలు."

ఇంకేముంది! ఇంటికొస్తూనే ముగ్గుపిండి తడిపి, గవిరి వీపు మీంచి పొట్టదాకా అడ్డంగా గీత గీసేసింది.

"మూతి కాణ్ణించి ఈడదాకా డాక్టరుది. ఈడనించి తోకదాకా అమ్మోరిది. గీత దాటినోడి సెయ్యి ఇరిసేత్తాను!"

సన్నాసి గేదె నోట్లో మందు పోశాడు. అప్పలకొండ తోకకి తాయెత్తు కట్టాడు.

మూడోనాడు గవిరి లేచింది. పైడితల్లికి సంతోషం పట్టలేక ఏడుపొచ్చేసింది. అయితే గేదె కదా, ముందు వెనకకాళ్ళ మీదే లేచింది.

"సూసినావా వదినా! అమ్మోరి కొసే ముందు లేసింది!" అని అప్పలకొండ గెంతాడు.

"లేత్తే లేసింది. గడ్డి తిన్నది మా డాక్టరు కొసే కదేటి!" అన్నాడు సన్నాసి.

మళ్ళీ జుట్లు పట్టుకున్నారు. పైడితల్లి ఇద్దర్నీ విడదీసి తీర్పు చెప్పింది. "ఒక్కపాలి సూత్తే ఏటి తెలుత్తాది? కొసలు మార్సి సూద్దాం."

తాయెత్తు మెడకెక్కింది. సన్నాసి తోక ఎత్తి, మిగిలిన మందు అక్కడ ఒంపాడు. అంతే! నిక్షేపంగా ఉన్న గవిరి ఒక్క తన్ను తన్నింది. సన్నాసి పేడకుప్ప పక్కన వెల్లకిలా పడి మూలగసాగాడు.

ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి లేపబోయారు. పైడితల్లి ఏడుస్తూనే వాళ్ళకి అడ్డం నిలబడింది. మొగుడి తల దగ్గర మందుసీసా పెట్టింది, కాలికి తాయెత్తు కట్టింది, నడుం మీద ముగ్గుగీత గీసింది.

"ఎవులూ ముట్టుకోకండి! ఏ కొస ముందు లేత్తాదో సూడాల!"