గట్టి బండ కింది బొగ్గు

నాంపెల్లయ్య గురువు ప్రశ్న వినగానే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవారిని ముందు మంచినీళ్లు తాగమనేవారు. తాగేలోపు ప్రశ్నలోని కోపం కొంత దిగుతుందని ఆయన నమ్మకం. పడుచుతనంలో బొగ్గుబావిలో పనిచేసి, తరువాత బోధవైపు మళ్లిన మనిషి ఆయన.

ఒక ఉదయం ఓదెలు అనే శిష్యుడు వచ్చాడు. తమ్ముడు సదయ్యతో కలిసి పిండిగిర్ని నడుపుతున్నవాడు. తండ్రి పోయినప్పటినుంచి ఇల్లంతా అతని మాట మీదే నడుస్తున్నది. నీళ్లు తాగినా అతని గొంతు తగ్గలేదు.

“అయ్యా, నేను మాట తప్పలే, పని తప్పలే. నా తమ్ముడేమో ఒక్క మాటంటే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటడు. ఇప్పుడు వేరువడి పోతనంటున్నడు. ఓర్సుకునే శక్తి లేనోడు వాడు. ఇల్లు ఇరిగితే తప్పు నాదెట్లయితది?”

గురువు తప్పొప్పుల జోలికి పోలేదు. తాను బావిలో ఉన్ననాటి ఒక సంగతి చెప్పారు.

బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు ఆగడానికి నడుమ నడుమ బొగ్గునే పెద్ద దిమ్మెలుగా వదిలేస్తారు. వాటిని పిల్లర్లంటారు. ఆ రోజు వాళ్లు పనిచేస్తున్నచోట పిల్లర్ మీద ఉన్నది ఇసుకరాయి, వంక పెట్టడానికి లేని బండ. కూలీల పని చూసే సర్దార్ లచ్చయ్య ఇనుప కడ్డీతో తట్టి చూస్తే ఖంగుమన్నది. ఎక్కడా వదులు లేదన్నమాట. అందరూ నిమ్మళంగా తట్టలెత్తారు. వాళ్లలో దుర్గయ్య ఒక్కడే పిల్లర్ దగ్గర నిలబడిపోయాడు.

“సర్దారన్నా, బొగ్గు చిటపటమంటున్నది.”

“నీకు రోజూ ఏదో ఒకటి ఇనవడ్తది,” అని ఎవరో నవ్వారు. లచ్చయ్య కూడా విసుక్కున్నాడు. అయినా వచ్చి పిల్లర్‌కు అరచేయి ఆనించాడు. పెసరగింజంత పెచ్చు ఎగిరి అతని చెంపకు తగిలింది. ఆ తరువాత అతడు పైకి చూడనే లేదు.

“తట్టలు ఆడనే ఇడిసిపెట్టుండ్రి. నడువుండ్రి!”

వాళ్లు మలుపు దాటారో లేదో, వెనక పిల్లర్ పేలింది. గాలి అందరినీ బోర్లా పడేసింది. దుమ్ములో ఒకరి దీపం ఒకరికి కనపడలేదు. లచ్చయ్య ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. అందరూ పలికారు, దుర్గయ్య తప్ప. పిలిచిన కొద్దీ నిశ్శబ్దమే. చివరికి ఎక్కడో మూలనుంచి దగ్గు వినపడింది. ఆ దగ్గు విని కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. పైకొచ్చాక ముఖానికి తగిలిన ఎండ గురించి చెబుతున్నప్పుడు గురువు కాసేపు కళ్లు మూసుకున్నారు.

“తర్వాత పోయి చూస్తిమి. బొగ్గు పిండిపిండి అయింది. పైన బండకు పగులన్నదే లేదు.”

“అయితే బొగ్గుదే బలహీనత గదా అయ్యా?” అన్నాడు ఓదెలు.

“నేను గూడ లచ్చయ్యను గట్లనే అడిగిన. మెత్త బండయితే, కింద బొగ్గు చిట్లినప్పుడు అది గూడ ఇంత వంగుతదట. రెండిటికీ సర్దుబాటయితది. గట్టి బండ వంగదు. ఒత్తిడంత లోపల పట్టుకొనే ఉంటది. బొగ్గు కొంచెం సడలంగనే, పట్టుకున్నదంత ఒక్కసారే దాని మీద ఇడుస్తది.”

ఓదెలు మెల్లగా ఇంటి సంగతి చెప్పసాగాడు. గిర్ని ఏ పూట తెరవాలో, తమ్ముడి బిడ్డ ఏ బడికి పోవాలో కూడా తానే తేల్చాడు. మొన్న సదయ్య “అన్నా, ఒక్కసారి నా మాట ఇను” అంటే, వినకుండా గిర్ని మోటారు వేశాడు. చెప్పడం అయ్యేసరికి, మోస్తున్నదేదో దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

“సదయ్య ఇప్పుడెక్కడున్నడు?” అని అడిగారు గురువు.

“ఇంట్లనే, అయ్యా. సామాను కట్టుకుంటున్నడు.”

గురువు ముఖం తేటపడింది.

“ఇంక ఇంట్లనే ఉన్నడా! మరి నువ్వు ఈడ కూసున్నవేంది?”