సలోమి తోడిన చెలమ

మద్దికోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, ముళ్ళపందులు కలిసి బతికేవి. అవన్నీ ఒక్క ప్రభువునే నమ్ముకున్నాయి. అడవిని చేసినవాడు ఆయనేననీ, ఒకనాడు తిరిగి వస్తాడనీ, ఆ రోజు నుంచి కోనలో ఎన్నటికీ ఎండని నది పారుతుందనీ పెద్దలు పిల్లలకు చెప్పేవారు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే మిగిలింది. పొద్దున్నే ఇసుక తోడితే నీళ్ళు ఊరేవి. మర్నాటికి ఇసుక జారి గుంట మళ్ళీ పూడిపోయేది. అందుకని రోజుకొక కుటుంబం చొప్పున తోడాలని వంతులు వేసుకున్నారు.

గిద్యోను అనే మగదుప్పి అందరికంటే ఎక్కువసేపు ప్రార్థన చేసేవాడు. ఆ సంగతి అందరికీ తెలియాలని కూడా కోరుకునేవాడు. ఒకరోజు అతను అందరినీ పిలిచాడు.

"ప్రభువు వచ్చే వేళయింది. నాకు తెలుస్తోంది. ఇంకా ఇసుక తోడుకుంటూ కూర్చుంటారా? నాతో కొండెక్కండి, ఆయన కోసం కనిపెట్టుకుని ఉందాం" అన్నాడు.

దాహంతో విసిగిపోయినవాళ్ళకు ఆ మాట చల్లగా తగిలింది. చాలామంది వెంట వెళ్ళారు. సాయంత్రం దిగివచ్చి నీళ్ళు తాగేవారు, మళ్ళీ కొండెక్కేవారు. ఆ నీళ్ళు ఎవరు తోడారని ఎవరూ అడగలేదు.

తోడింది ముళ్ళపంది సలోమి. కిందటి వేసవిలో నీళ్ళందక ఆమె చిన్న కూతురు చనిపోయింది. అప్పటి నుంచి ఆమెకు నీళ్ళే లోకం. ఎవరి వంతు తప్పితే వాళ్ళ వంతు తనే తోడేది. గోళ్ళు అరిగిపోయాయి. నడుము పట్టేసింది. ప్రార్థనకు వెళ్ళడం మానేసింది.

"నీకు ఆయన మీద ఆశ లేదా, సలోమక్కా?" అని గిద్యోను అడిగాడు.

"నాకు తీరిక లేదు, తమ్ముడూ" అంది సలోమి, తల ఎత్తకుండానే.

గిద్యోను తల్లి తబితమ్మ బాగా ముసలిది. చూపు ఆనదు. కొండ ఎక్కలేదు. రోజూ పొద్దున తడుముకుంటూ చెలమకు వచ్చి, సలోమి పక్కన నిలబడి, నాలుగు గుక్కలు తాగి వెళ్ళేది.

ఒకనాడు సలోమి లేవలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆ రోజు గిద్యోను వంతే. ఒక కొండముచ్చుతో కబురు పంపింది. "ఇవాళ ఒక్కరోజు నీ వంతు నువ్వు తోడు. నా వల్ల కాదు."

"ఇవాళో రేపో ప్రభువే వస్తున్నాడు. ఒక్కరోజుకు ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు గిద్యోను. కొండ దిగలేదు. సాయంత్రం దిగివచ్చినవాళ్ళు చెలమ పూడి ఉండటం చూసి, దాహంతోనే మళ్ళీ కొండెక్కారు.

మర్నాడు మధ్యాహ్నం సలోమి ఎలాగో లేచి వాగులోకి వెళ్ళింది. చెలమ పూర్తిగా పూడిపోయి ఉంది. పక్కనే తబితమ్మ పడి ఉంది. నిన్న నీళ్ళు దొరక్క, ఇవాళైనా ఉంటాయనుకుని పొద్దున దిగబోయి, ఇసుక జారి పడిపోయి, ఎండలో అక్కడే ఉండిపోయింది. నాలుక పిడచకట్టింది.

సలోమి తోడబోయింది. ముంగాళ్ళు ఆడలేదు. ఇసుకలోనే కూలబడింది.

"నా కోసం ప్రార్థన చెయ్యి, సలోమీ" అంది తబితమ్మ మెల్లగా.

"ప్రార్థన మరిచిపోయాను, పిన్నమ్మా."

"నీ బిడ్డను ఆయన దగ్గర మళ్ళీ చూడాలని లేదా?"

"అది తలుచుకుంటే కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే తలుచుకోను."

"తలుచుకోకపోయినా నిన్న అవి ఆడలేదు కదమ్మా" అంది తబితమ్మ.

సలోమి తల వంచి, "ప్రభువా, ఇవాళ్టికి నీళ్ళియ్యి" అంది. తర్వాత, "నీ నది దగ్గర నా బిడ్డను నాకు చూపించు" అంది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఏడుస్తూనే తోడింది. ఎప్పటికంటే నెమ్మదిగా తోడింది. పొద్దు వాలేవేళకు చెమ్మ తగిలింది, తర్వాత నీళ్ళూరాయి. తబితమ్మ రెండు గుక్కలు తాగింది.

కానీ ఎండదెబ్బను ముసలి ప్రాణం తట్టుకోలేదు. మూడో రోజున చనిపోయింది. కొండ దిగివచ్చిన గిద్యోను తల్లి పక్కన కూర్చుని, "నా వంతు నేను తోడి ఉంటే బతికేదా, అక్కా?" అన్నాడు.

సలోమికి అబద్ధం చెప్పే ఓపిక లేదు. "బతికేదేమో. నాకు తెలియదు. రేపు పొద్దున్నే చెలమ దగ్గరికి రా."

"మరి ప్రభువు వస్తాడంటావా?"

"వస్తాడు. వచ్చినప్పుడు మనం ఇసుక తోడుతూ కనబడితే ఆయనేం తప్పుపట్టడు."

మర్నాడు గిద్యోను అందరికంటే ముందు వచ్చాడు. ఎవరికీ ఏమీ బోధించలేదు. గిట్టలతో ఇసుక తవ్వాడు. కొండ మీది వాళ్ళంతా ఒక్కొక్కరే దిగివచ్చారు. వంతులు మళ్ళీ మొదలయ్యాయి. తోడడం అయ్యాక అందరూ చెలమ చుట్టూ నిలబడి, ఆయన రాకడ కోసం ప్రార్థన చేసేవారు. సలోమి కూడా వాళ్ళలో నిలబడేది.

ఆ ఏడు వానలు నెల ఆలస్యంగా పడ్డాయి. దాహంతో మరెవరూ చనిపోలేదు. సలోమి అలసట పూర్తిగా తీరిందని చెప్పలేం. కానీ ప్రతి ఏడో రోజున ఆమెను ఎవరూ పని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ రోజు ఎండెక్కేదాకా ఆమె బొరియలో హాయిగా నిద్రపోయేది.

నీతి: ప్రభువు వస్తాడన్న ఆశ ఇవాళ్టి పని ఎగ్గొట్టడానికి కాదు, ఆ పనిని నిబ్బరంగా చేయడానికి. ఆశ మరిచిన పని మనిషిని కుంగదీస్తుంది, పని మరిచిన ఆశ పక్కవాడిని దాహంతో చంపుతుంది.